ఎలక్ట్రోడ్ మీద బుడగ ఎలా ఊడుతుంది, ఎలా పైకి లేస్తుంది: ఫోన్ కెమెరాతో చూసి కొలిచే పద్ధతి

నీటి విద్యుద్విశ్లేషణ (నీటిలో ముంచిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు పంపి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడం) చేయించిన ప్రతిసారీ పిల్లలు ఇదే మాట అంటారు: "సార్, బుడగలు వస్తున్నాయి గానీ ఒక్కటీ సరిగ్గా కనిపించడం లేదు. అంతా తెల్లటి పొగలా ఉంది." తర్వాత ప్రాజెక్టులు చేసే డిగ్రీ విద్యార్థులు, తోటి లెక్చరర్లు కూడా అడగడం మొదలుపెట్టారు. బుడగ ఎంత సైజులో ఊడుతోంది, ఎంత వేగంతో పైకి పోతోంది, ఇవి కొలిచే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా రాసిపెట్టమన్నారు. అందుకే ఇది.

బుడగ కనిపించకపోతే అందరం చేసే మొదటి పని కరెంటు పెంచడం. దాంతో పని ఇంకా చెడుతుంది. కరెంటు బాగా తగ్గిస్తేనే ఒక్కో బుడగ విడిగా దొరుకుతుంది. ఇక బుడగ ఎప్పుడు ఊడాలో చాలావరకు తేల్చేది కరెంటు కాదు, లోహం పైముఖం ఎంత శుభ్రంగా ఉందన్నది. అందుకే కింద ఎలక్ట్రోడ్ తయారీకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఆ భాగం దాటేసి ముందుకు వెళ్లకండి.

## 1. చూడబోయేది ఏమిటి

కరెంటు పెట్టగానే బుడగ రాదు. పుట్టిన వాయువు మొదట నీటిలో కరుగుతుంది. లోహాన్ని ఆనుకున్న పలుచటి నీటి పొరలో అది పరిమితికి మించి నిండాక, ఏదో ఒక గీతలోనో గుంటలోనో బుడగ మొదలవుతుంది.

పుట్టిన బుడగ లోహాన్ని ఒక చిన్న వలయం దగ్గర పట్టుకుని ఉంటుంది. దాన్ని ఇక్కడ బుడగ పాదం అంటాను. పాదం చుట్టూ తలతన్యత (నీటి పైపొర బిగుతు) కిందికి పట్టి ఉంచుతుంది, ఉత్ప్లవన బలం (నీరు పైకి నెట్టే బలం) పైకి లాగుతుంది. బుడగ పెరిగేకొద్దీ లాగే బలం పెరుగుతుంది. అది పట్టును మించిన క్షణంలో బుడగ ఊడిపోతుంది.

నీరు లోహం మీద చక్కగా పరుచుకుంటే పాదం చిన్నదవుతుంది, బుడగ చిన్నగా ఉండగానే వెళ్లిపోతుంది. జిడ్డు ఉంటే నీరు వెనక్కి తగ్గుతుంది, పాదం వెడల్పవుతుంది, బుడగ అంటుకుని ఉబ్బుతుంది. ఈ మార్గదర్శిలో మిగతాదంతా ఈ రెండు వాక్యాల మీదే నడుస్తుంది.

## 2. సరంజామా

- గాజు సెల్లు: 10 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. ఎత్తు, 3 సెం.మీ. వెడల్పు. అక్వేరియం షాపులో గాజు ముక్కలు కోయించి సిలికోన్‌తో అతికిస్తే చాలు. గుండ్రటి గ్లాసు, బీకరు పనికిరావు. వంపు గాజు భూతద్దంలా పనిచేసి సైజులన్నీ తప్పుగా చూపిస్తుంది.
- 5 వోల్టుల యూఎస్‌బీ చార్జరు, పాత కేబులు ఒకటి
- రెసిస్టర్లు: 47 ఓములు, 470 ఓములు, 2.2 కిలో ఓములు, 22 కిలో ఓములు
- మల్టీమీటరు, మొసలి క్లిప్పులు
- కాథోడ్‌కి (చార్జరు నెగటివ్ వైరుకు కలిపే ఎలక్ట్రోడ్, హైడ్రోజన్ వచ్చేది) 0.3 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ. దొరక్కపోతే గిటారు తీగల్లో అన్నిటికన్నా సన్నది
- ఆనోడ్‌కి (పాజిటివ్ వైరుకు కలిపేది, ఆక్సిజన్ వచ్చేది) 2 మి.మీ. పెన్సిలు ములుకు
- వాసనా రంగూ కలపని వాషింగ్ సోడా, డిస్టిల్డ్ వాటర్
- వాటర్ పేపర్: 400, 800, 1200, 2000 నంబర్లు
- ఆరల్డైట్, హీట్ ష్రింక్ స్లీవ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ టార్చి, బటర్ పేపర్
- స్లో మోషన్ ఉన్న ఫోన్, దానికి తగిలించే మాక్రో లెన్సు, కదలని స్టాండు
- థర్మామీటరు, స్క్రూ గేజ్

## 3. మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇంటి ప్లగ్గు కరెంటును నేరుగా ఎలక్ట్రోడ్లకు ఎప్పుడూ కలపకండి. 5 వోల్టుల చార్జరే వాడండి, దానితో సిరీస్‌లో రెసిస్టరు తప్పకుండా ఉండాలి.

నీటిలో ఉప్పు వేయకండి. ఆనోడ్ దగ్గర క్లోరిన్ వస్తుంది. చాలామంది ఇంట్లో ఉందని ఉప్పే వేస్తారు, ఆ వాసన గొంతులో పట్టేదాకా తెలియదు.

స్టెయిన్‌లెస్ స్టీలును ఆనోడ్‌గా పెట్టకండి. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో కరిగి ద్రావణం పసుపు రంగులోకి తిరగొచ్చు. స్టీలు కాథోడ్‌కే. వైర్లు తారుమారు కాకుండా ఎర్ర టేపు, నల్ల టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

సెల్లుకు మూత పెట్టకండి, కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే అంటుకోగలదు. మనం పుట్టించేది చాలా కొంచెమే, కానీ సబ్బు నురగలోనో మూసిన డబ్బాలోనో చేరితే అది ప్రమాదమే. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జవుతున్నప్పుడు మూత తీసి తొంగిచూడొద్దనేదీ ఇందుకే.

వాషింగ్ సోడా ద్రావణం క్షారం. కళ్లద్దాలు పెట్టుకోండి, చేతికి తగిలితే కడుక్కోండి.

## 4. ద్రావణం

250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను 5 నిమిషాలు మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చండి. ఇది చేయకపోతే నీటిలో ముందే కరిగి ఉన్న గాలి గాజు గోడల మీద బుడగలు కట్టి, ఏది మనదో ఏది కాదో తెలియకుండా చేస్తుంది.

చల్లారాక 5.3 గ్రాముల అనార్ద్ర (నీరు లేని పొడి) వాషింగ్ సోడా కలపండి. స్ఫటికాల రూపంలో ఉన్నదైతే అందులో నీరు కూడా ఉంటుంది కాబట్టి 14.3 గ్రాములు కావాలి. ఇది 0.2 మోలార్ ద్రావణం. పూర్తిగా కరిగాక ఫిల్టర్ పేపరులో వడకట్టండి. దుమ్ము రేణువు ప్రతిదీ ఒక బుడగకి పీట వేస్తుంది.

బోరు నీళ్లు వాడొద్దు. అందులోని కాల్షియం వాషింగ్ సోడాతో కలిసి తెల్లగా విరిగిపోతుంది, మిగిలింది కాథోడ్ మీద సున్నంలా పేరుకుంటుంది. ఫిల్టర్ వాటర్ కొంత నయం, అయినా డిస్టిల్డ్ వాటరే మేలు.

వంట సోడా వాడవచ్చా అని అడుగుతుంటారు. హైడ్రోజన్ వైపు చూడటానికి ఫర్వాలేదు. ఆనోడ్ దగ్గర మాత్రం ఆక్సిజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వచ్చి లెక్క పాడవుతుంది.

## 5. ఎలక్ట్రోడ్ తయారీ

మనకు కావలసింది పైకి చూస్తూ ఉండే ఒక చిన్న చుక్కంత లోహం. మిగతా తీగంతా కప్పి ఉండాలి. అప్పుడే బుడగలు ఒకే చోట, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

వరుస ఇది:

1. తీగను గాలంలా వంచండి. పొట్టి కొన నిటారుగా పైకి చూడాలి, పొడుగు కొన సెల్లు బయటికి రావాలి.
2. పొడుగు భాగానికి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చేయండి. వంపు దగ్గర స్లీవ్ చీలకుండా చూడండి.
3. కరెంటు వైరు ముక్కలోంచి రాగిని లాగేస్తే ఖాళీ తొడుగు మిగులుతుంది. అందులోంచి 1 సెం.మీ. కోసి పొట్టి కొనకి తొడిగి, లోపల ఆరల్డైట్ నింపండి. స్లీవ్ చివరలనూ ఆరల్డైట్‌తో మూసేయండి.
4. ఒక రాత్రి ఆరనివ్వండి.
5. కొనను పదునైన బ్లేడుతో అడ్డంగా కోయండి. ఇప్పుడు ఆరల్డైట్ మధ్యలో తీగ ముఖం చిన్న మెరిసే చుక్కలా కనిపిస్తుంది.
6. వాటర్ పేపరును గాజు పలక మీద పరిచి, నీటితో తడిపి, 400 నుంచి 2000 దాకా వరుసగా అరగదీయండి. ఒక్కో నంబరు దగ్గర ఎనిమిది ఆకారంలో తిప్పుతూ 2 నిమిషాలు చాలు. నంబరు మారినప్పుడల్లా కడగండి, లేకపోతే ముతక రేణువులు కొత్త పేపరు మీదికి వచ్చి మళ్లీ గీతలు పెడతాయి.

తొడుగు కోసం ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ వాడే ఆలోచన నాకూ వచ్చింది. వద్దు. ఎంత కడిగినా అందులోని జిడ్డు సిరా కొద్దిగా మిగిలి చుక్క మీదికి పాకుతుంది. అలా చేసిన ఎలక్ట్రోడ్ మీద బుడగలు ఊడకుండా వేలాడుతుంటే, రెండు రోజులు తప్పు కరెంటులో ఉందనుకుని వెతికాను.

కడగడం: ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో, తర్వాత ధారాళంగా నీటితో, తర్వాత ఆల్కహాల్‌తో, చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో. ఆ తర్వాత వేలు తగలకూడదు. ఒక్క వేలిముద్ర చాలు, పనంతా మొదటికొస్తుంది.

పరీక్ష: కొనను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, వెలుతురుకు అడ్డంగా పెట్టి భూతద్దంలో చూడండి. లోహపు చుక్క మీద నీరు పలుచటి పొరలా నిలిచి మెరుస్తుంటే శుభ్రంగా ఉన్నట్టు. పొర మధ్యలో చిరిగి, నీరు అంచులకు ముడుచుకుపోతే ఇంకా జిడ్డు ఉంది, మళ్లీ కడగండి. తామరాకు మీద నీటిబొట్టు మీకు తెలుసు కదా, ఇక్కడ సరిగ్గా దానికి వ్యతిరేకం కావాలి.

ఆనోడ్‌కి పెన్సిలు ములుకును కాథోడ్ నుంచి 5 సెం.మీ. దూరంలో, సెల్లు రెండో చివర పెట్టండి. దాని బుడగలు మన దృశ్యంలోకి రాకూడదు.

ఇదే కాకుండా, 1 సెం.మీ. వెడల్పు స్టీలు పట్టీ ఒకటి కూడా శుభ్రం చేసి ఉంచుకోండి. 8వ అంశంలో దానితో పని ఉంది.

## 6. వెలుతురు, కెమెరా

బుడగను ముందు నుంచి వెలిగిస్తే మెరుపు తప్ప అంచు కనిపించదు. వెలుతురు వెనక నుంచి రావాలి. సెల్లు వెనక గాజుకి బటర్ పేపరు అంటించి, దాని వెనక టార్చి పెట్టండి. తెల్లటి నేపథ్యం మీద బుడగ నల్లటి వలయంలా, మధ్యలో చిన్న వెలుగుతో కనిపిస్తుంది. ఆ నల్లటి అంచే మనం కొలిచేది.

గదిలో ఇంటి కరెంటుతో వెలిగే బల్బు వాడితే స్లో మోషన్‌లో మిణుకుమిణుకుమంటుంది. మన సరఫరా 50 హెర్ట్‌జ్ కాబట్టి చాలా బల్బులు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. బ్యాటరీ టార్చి అందుకే.

- కాథోడ్ కొన ముందు గాజు నుంచి 1.5 సెం.మీ. లోపలికి ఉండాలి. మరీ గాజుకి దగ్గరైతే గోడ బుడగను నెమ్మది చేస్తుంది, మరీ దూరమైతే మాక్రో లెన్సుకి అందదు.
- సెకనుకు 240 ఫ్రేములు పెట్టండి. రెండు ఫ్రేముల మధ్య సుమారు 4.2 మిల్లీ సెకన్లు.
- 960 అని చెప్పుకునే ఫోన్లలో కొన్ని మధ్య ఫ్రేములను తామే ఊహించి నింపుతాయి. కొలతలకు 240 నమ్మకం.
- ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. షట్టర్ మార్చే వీలుంటే 2000వ వంతు సెకను పెట్టండి.
- ఫ్రేము వెడల్పులో 10 మి.మీ. దృశ్యం వచ్చేలా దగ్గరికి జరపండి. 1920 పిక్సెళ్ల ఫ్రేములో ఒక్కో పిక్సెలు 5 మైక్రోమీటర్లకు కాస్త ఎక్కువ అవుతుంది. 100 మైక్రోమీటర్ల బుడగ 19 పిక్సెళ్ల మేర వస్తుంది, కొలవడానికి అది చాలు.

## 7. స్కేలు

స్కేలు అంటే లావు ముందే తెలిసిన తీగ. వీడియోలో ఎన్ని పిక్సెళ్లు ఒక మి.మీ. అవుతాయో దాన్నిబట్టి తేలుస్తాం. దీన్ని తేలిగ్గా తీసుకునే నా మొదటి కొలతలన్నీ పారేయాల్సి వచ్చింది. స్కేలు కోసం పెట్టిన తీగను ముందు గాజుకి ఆనించాను. అది కెమెరాకి దగ్గరగా ఉండి పెద్దగా కనిపించింది, బుడగలన్నీ లెక్కలో చిన్నవైపోయాయి.

స్కేలు తీగ నీటిలోనే, కాథోడ్ కొనకు పక్కనే, అదే లోతులో ఉండాలి. కొన ఎంత స్పష్టంగా కనిపిస్తోందో తీగ అంచు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు. మెకానికల్ పెన్సిలు ములుకు వాడుకోవచ్చు, కానీ డబ్బా మీద రాసిన 0.5 నమ్మకండి. అది కాస్త లావుగా ఉంటుంది. స్క్రూ గేజ్‌తో కొలిచి ఆ సంఖ్యే వాడండి.

స్కేలు క్లిప్పు 5 సెకన్లు తీసి ములుకును బయటికి తీయండి. ఆ తర్వాత కెమెరా ఒక్క వెంట్రుక వాసి కదిలినా స్కేలు క్లిప్పు మళ్లీ తీయాల్సిందే.

## 8. నడిపే వరుస

1. కరెంటు లేకుండా 10 సెకన్ల వీడియో తీయండి. ఖాళీ నేపథ్యం ముందే దొరికితే మరకలూ దుమ్మూ తర్వాత బుడగలుగా కనిపించి మోసం చేయవు.
2. కాథోడ్ కొనకు బదులు స్టీలు పట్టీని 47 ఓముల రెసిస్టరుతో కలిపి 20 నిమిషాలు నడపండి. కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. నీటిలో కొంత హైడ్రోజన్ ముందే కరిగి ఉంటే తర్వాతి బుడగలు స్థిరంగా వస్తాయి.
3. పట్టీ తీసేసి 5 నిమిషాలు ఆగండి. నీరు నిలకడపడాలి.
4. ఇప్పుడు కాథోడ్ కొనను 22 కిలో ఓముల రెసిస్టరుతో కలపండి. కరెంటు దాదాపు 0.1 మిల్లీ ఆంపియరు. 5 నిమిషాలు నడవనిచ్చాకే వీడియో తీయండి.
5. 20 సెకన్ల క్లిప్పు తీయండి. పక్కన కాగితం మీద రాయండి: కరెంటు, నీటి ఉష్ణోగ్రత, సమయం, క్లిప్పు నంబరు.
6. 2.2 కిలో ఓములకు మారండి. కరెంటు సుమారు 1 మిల్లీ ఆంపియరు. మళ్లీ 5 నిమిషాలు ఆగి క్లిప్పు తీయండి.
7. తిరిగి 22 కిలో ఓములకు వచ్చి ఇంకో క్లిప్పు.

చివరి అడుగును చాలామంది వదిలేస్తారు. మొదటి క్లిప్పులో, చివరి క్లిప్పులో బుడగ సైజు ఒకేలా ఉంటేనే మధ్యలో చూసిన తేడా కరెంటు వల్ల వచ్చిందని చెప్పగలం. లేకపోతే లోహం ముఖమే మారిపోయింది.

470, 47 ఓములు పట్టీ కోసమే. చిన్న చుక్క మీద అంత కరెంటు పెడితే బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మళ్లీ ఆ తెల్లటి పొగే వస్తుంది.

## 9. ఊడే క్షణాన్ని కొలవడం

వీడియోను కంప్యూటర్లోకి ఎక్కించి ఉచితంగా దొరికే ఇమేజ్‌జే (ImageJ) లేదా ట్రాకర్ (Tracker) అనే ప్రోగ్రాములో తెరవండి. ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ వెళ్లండి.

ఒక్కో బుడగకి మూడు ఫ్రేములు గుర్తించండి: మొదటిసారి కనిపించింది, కొనను తాకుతూ ఉన్న చివరిది, కొనకూ బుడగకూ మధ్య వెలుతురు కనిపించిన మొదటిది. ఊడే వ్యాసాన్ని రెండో ఫ్రేములో కొలవండి. అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. కనీసం 30 బుడగలు కొలవండి. ఒకటి రెండింటి మీద ఏమీ చెప్పలేం.

ఇక్కడ ఒక అందమైన లెక్క ఉంది. పాదాన్ని కెమెరా చూడలేదు, కానీ బుడగ సైజు దాని సంగతి చెప్పేస్తుంది. ఉత్ప్లవన బలం బుడగ వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, పట్టు పాదం చుట్టుకొలతను బట్టి ఉంటుంది. నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు అని తీసుకుని రెండింటినీ సమానం చేస్తే:

- 1 మి.మీ. బుడగను ఆపి ఉంచడానికి కనీసం 23 మైక్రోమీటర్ల వెడల్పు పాదం కావాలి.
- 0.5 మి.మీ. బుడగకి దాదాపు 3 మైక్రోమీటర్లు చాలు.
- 0.3 మి.మీ. తీగ ముఖమంతా పాదంగా మారితే బుడగ 2.4 మి.మీ. దాకా పెరగగలదు.

మీ బుడగలు 2 మి.మీ. దాటుతుంటే పాదం అంచుల దాకా పాకిందని అర్థం. కరెంటు జోలికి పోకుండా 5వ అంశానికి వెనక్కి వెళ్లి కడగండి.

ఊడే ముందు రెండు చిన్న బుడగలు కలిసి ఒకటి కావడం కూడా కనిపిస్తుంది. కలిసినప్పుడు ఉపరితల వైశాల్యం తగ్గి, ఆ మిగులు శక్తితో కొత్త బుడగ వణికి, ఒక్కోసారి కొన నుంచి ఎగిరిపడుతుంది. అలా పోయినవాటిని వేరే వరుసలో రాయండి. అవి ఉత్ప్లవన బలం పట్టును మించి ఊడినవి కావు, సగటులో కలిపితే ఫలితం చెడుతుంది.

## 10. పైకి లేచే వేగం

కొనకు 2 మి.మీ. పైన మొదలుపెట్టి, బుడగ మధ్య బిందువును ఫ్రేము ఫ్రేముకీ గుర్తించండి. అంతకన్నా కిందైతే ఊడిన ఊపు ఇంకా తగ్గి ఉండదు.

చిన్న బుడగలకు స్టోక్స్ సూత్రం (ద్రవంలో చిన్న గోళం ఎంత వేగంతో కదులుతుందో చెప్పేది) సరిపోతుంది. వేగం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. గది ఉష్ణోగ్రతలో నీటికి సుమారుగా:

- 30 మైక్రోమీటర్లు: సెకనుకు 0.5 మి.మీ.
- 50 మైక్రోమీటర్లు: సెకనుకు 1.4 మి.మీ.
- 100 మైక్రోమీటర్లు: సెకనుకు 5.5 మి.మీ.

100 మైక్రోమీటర్లు దాటాక ఈ సూత్రం అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని పట్టుకుని మీ కొలత తప్పనుకోకండి.

ఉష్ణోగ్రత రాయమన్నది ఇందుకే. నీటి స్నిగ్ధత (కదలికను అడ్డుకునే చిక్కదనం) 20 డిగ్రీల దగ్గరకన్నా 30 డిగ్రీల దగ్గర 20 శాతం తక్కువ. డిసెంబరు ఉదయం తీసిన క్లిప్పునూ, మే నెల మధ్యాహ్నం తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే అదే సైజు బుడగ వేరే వేగంతో కనిపిస్తుంది.

మీ వేగం సూత్రం కన్నా బాగా ఎక్కువ వస్తే, బుడగలు వరుసగా లేస్తూ తమతో నీటిని కూడా పైకి ఈడుస్తున్నాయన్నమాట. బుడగ నిలిచిన నీటిలో ఈదడం లేదు, పైకి పోయే ప్రవాహంలో కొట్టుకుపోతోంది. 2 సెకన్లు కరెంటు ఇచ్చి ఆపేసి, నీరు నిలిచాక మళ్లీ ఇవ్వండి. ఆ మొదటి బుడగనే కొలవండి.

## 11. వాయువు లెక్కతో సరిచూడటం

1 మిల్లీ ఆంపియరు కరెంటు 25 డిగ్రీల దగ్గర సెకనుకు 0.127 ఘనపు మి.మీ. హైడ్రోజన్ ఇస్తుంది. ఆక్సిజన్ అందులో సగం. దీన్నిబట్టి 1 మిల్లీ ఆంపియరు దగ్గర సెకనుకు రావలసిన బుడగలు:

- 0.5 మి.మీ. సైజైతే సుమారు 2
- 0.2 మి.మీ. అయితే 30
- 0.1 మి.మీ. అయితే 240

మీరు లెక్కపెట్టిన సంఖ్య దీనికన్నా తక్కువే వస్తుంది, కొంత వాయువు నీటిలో కరిగి పోతుంది కాబట్టి. 0.1 మిల్లీ ఆంపియరు దగ్గర ఈ నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. లెక్కకన్నా ఎక్కువ వచ్చిందంటే మాత్రం స్కేలు తప్పు, లేదా ఒకే బుడగను రెండుసార్లు లెక్కపెట్టారు.

## 12. తరచూ జరిగే తప్పులు

బుడగ ఊడకుండా వేలాడుతోంది. జిడ్డు. 5వ అంశంలో చెప్పినట్టు కడిగి, నీటి పొర పరీక్ష మళ్లీ చేయండి.

బుడగలు చుక్క మీద కాకుండా అంచు నుంచి వస్తున్నాయి. ఆరల్డైట్‌కీ తీగకీ మధ్య సందు పడింది. కొన 1 మి.మీ. కోసి మళ్లీ అరగదీయండి. అయినా వస్తుంటే కొత్తది చేసుకోవడమే.

కాథోడ్ తెల్లబడుతోంది. నీటిలో కాల్షియం ఉంది. కొనను నిమ్మరసంలో 5 నిమిషాలు ఉంచి కడిగి, ద్రావణం పూర్తిగా మార్చండి.

నీటిలో నల్లటి రేణువులు. పెన్సిలు ములుకు అరిగిపోతోంది. ములుకు మార్చండి, ద్రావణం వడకట్టండి.

కరెంటు తనంతట తానే తగ్గుతూ, ఉన్నట్టుండి పెరుగుతోంది. ఇది తప్పు కాదు. బుడగ పెరుగుతూ లోహాన్ని కప్పుతుంటే కరెంటుకి దారి తగ్గుతుంది, ఊడగానే తెరుచుకుంటుంది. మల్టీమీటరు అంకె మెల్లగా దిగి ఒక్కసారి ఎక్కడం, వీడియోలో బుడగ ఊడటం ఒకే క్షణంలో చూడగలిగితే మీ ఏర్పాటు బాగా కుదిరినట్టు.

హైడ్రోజన్ బుడగలు చిన్నవి, ఆక్సిజన్ బుడగలు పెద్దవి అని తేల్చేశారు. స్టీలు మీద హైడ్రోజన్‌నీ, పెన్సిలు ములుకు మీద ఆక్సిజన్‌నీ పోలిస్తే రెండు వాయువుల తేడా తెలియదు, రెండు పదార్థాల తేడా తెలుస్తుంది. ములుకులో ఉండే మైనం వల్ల బుడగలు దానికి ఎక్కువగా అంటుకుంటాయి. పోల్చాలంటే మెకానికల్ పెన్సిలు ములుకుతో ఇదే పద్ధతిలో చుక్క ఎలక్ట్రోడ్ చేసి, రెండు వాయువులనూ దాని మీదే చూడండి.

## 13. మార్చి చూడవలసినవి, ఈ వరుసలోనే

మొదట ముఖం దిశ మార్చండి. పట్టీని నిటారుగా పెట్టి 470 ఓములతో నడిపితే, కింద పుట్టిన బుడగ లోహాన్ని రాసుకుంటూ పైకి జారుతూ దారిలో ఉన్నవాటిని ఊడ్చుకుపోతుంది. పట్టీ పైభాగంలో బుడగల తెర వెడల్పవుతుంది. అదే పట్టీని బోర్లా పెడితే బుడగలకు పైకి దారి ఉండదు. చదునుగా సాగి, కలిసి, అంచు దొరికేదాకా పాకుతాయి. అల్యూమినియం కర్మాగారాల్లో కరిగిన ద్రవంలో వేలాడే కార్బన్ ఆనోడ్ల అడుగున ఇదే ఇబ్బంది వస్తుంది. అక్కడ వాయువు బయటపడటానికి ఆనోడ్ అడుగున గాళ్లు కోస్తారు. మీరూ పట్టీని 5 డిగ్రీలు వాల్చి చూడండి, పాకే బుడగ వెంటనే దారి పడుతుంది.

రెండోది, గరుకుదనం. 2000 నంబరు పేపరుతో నునుపు చేసిన కొనను 400తో ఒక్కసారి గీసి మళ్లీ నడపండి. బుడగలు ఆ గీత వెంట వరుస కడతాయి.

మూడోది, జిడ్డు. కొవ్వొత్తిని కొనకు మెల్లగా రాసి, మెత్తటి గుడ్డతో తుడిచేసి నడపండి. కంటికి ఏమీ కనిపించదు, కానీ అదే కరెంటు దగ్గర బుడగ ఎన్ని రెట్లు పెద్దదయ్యాక ఊడుతోందో కొలిచి చూడండి. పిల్లలకు చూపించడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

సబ్బు అన్నిటికన్నా చివర. గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క పడితే తలతన్యత సగానికి పైగా పడిపోతుంది, బుడగలు చిన్నగా ఉండగానే ఊడి, పైన నురగ కడతాయి. ఆ నురగ నిండా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఉంటాయి కాబట్టి నిమిషం కంటే ఎక్కువ నడపొద్దు, అగ్గిపుల్ల దగ్గరికి తేవొద్దు. సబ్బు తగిలిన గాజును, సిలికోన్ అతుకులను వేడి నీటితో ఎన్నిసార్లు కడిగినా మొదట్లో కాస్త మిగులుతుంది. అందుకే ఆ రోజు వేరే కొలతలేవీ పెట్టుకోకండి. మర్నాడు కొత్త ద్రావణంతో 22 కిలో ఓముల క్లిప్పు తీసి, పాత సైజు తిరిగి వచ్చాకే ముందుకు వెళ్లండి.